తీసేసిన వాక్యాల లెక్క కూడా అడగండి

కంపెనీల రిపోర్టింగ్ రూల్స్ రాసే బోర్డుల సభ్యులకి, వాటిని అమలు చేసే రెగ్యులేటర్లకి,

నమస్కారం. నేను పదిహేనేళ్లుగా కంపెనీల యాన్యువల్ రిపోర్టుల్లో మాటల భాగం రాసే పనిలో ఉన్నా. అంకెలు వేరేవాళ్లు చూస్తారు, నాది వాటి ముందు వచ్చే భాగం, అంటే ఛైర్మన్ లేఖ, మేనేజ్‌మెంట్ డిస్కషన్ (ఫలితాలు ఎందుకలా వచ్చాయో యాజమాన్యం ఇచ్చే వివరణ), రిస్కుల చాప్టర్, పర్యావరణం, సమాజం గురించిన సస్టైనబిలిటీ సెక్షన్ ఇవన్నీ. మీరు కొత్త రూల్ తెచ్చిన ప్రతిసారీ దాన్ని వాక్యాల్లోకి దించేది నాలాంటివాళ్లే, అందుకే ఒక రూల్ మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఐదో ఏడాదికి ఏమైపోతుందో దగ్గర్నుంచి చూశా. మీ టేబుల్ మీదికి వచ్చేది ఫైనల్ పీడీఎఫ్. మా దగ్గర దాని వెనకున్న పదకొండు డ్రాఫ్టులు ఉంటాయి. ఆ డ్రాఫ్టుల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా.

ఒక్క వాక్యం సంగతి చెప్తా. ఒక కంపెనీకి ఛైర్మన్ లేఖ రాస్తున్నాం. ఆయనతో గంటసేపు కూర్చుని మాట్లాడితే ఆయన నోటివెంట వచ్చిన మాట ఇది: "కొత్త ప్లాంటుకి ఆర్డర్లు వస్తాయని మేం వేసుకున్న అంచనా తప్పింది, లాభం తగ్గడానికి కారణం అదే." నేను అలాగే రాశా. ఫైనాన్స్ వాళ్లు "అంచనా తప్పింది" తీసేసి "డిమాండ్ ఆశించిన స్థాయిలో లేదు" అని పెట్టారు. లీగల్ వాళ్లు "కారణం అదే" అన్న ముక్క కొట్టేశారు, రేపు ఎవరైనా కోర్టుకెళ్తే ఈ లైనే ఎత్తి చూపిస్తారని. షేర్‌హోల్డర్లతో మాట్లాడే ఇన్వెస్టర్ రిలేషన్స్ విభాగం నుంచి కామెంట్ వచ్చింది, లాభం తగ్గిన విషయం మొదటి పేరాలో వద్దు, "దీర్ఘకాలిక" అనే మాట ఎక్కడో ఒకచోట రావాలి అని. కన్సల్టెంట్ అదే రంగంలో ఉన్న ఐదు కంపెనీల లేఖలు తెచ్చి పక్కపక్కన పెట్టాడు, వాటిలో ఒక్కదాంట్లో కూడా నష్టం పక్కన "మేం" అనే మాట లేదు. ఆడిటర్లు అంకెలతో తేడా రాకపోతే మాకు అభ్యంతరం లేదన్నారు. చివరికి ప్రింటైన వాక్యం ఇది: "సవాళ్లతో కూడిన మార్కెట్ పరిస్థితుల నడుమ కంపెనీ దీర్ఘకాలిక విలువ సృష్టిపై తన దృష్టిని కొనసాగించింది."

ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. ఒక్కొక్కరినీ విడిగా అడిగితే ఒక్కొక్కరి దగ్గరా సరైన కారణమే ఉంది, లీగల్ వాళ్ల భయం నిజమైన భయమే, కన్సల్టెంట్ చూపించిన ఐదు లేఖలూ నిజమైనవే. కానీ అందరి జాగ్రత్తా కలిసి ఆ మనిషి చెప్పిన ఒక్క నిజాన్ని నమిలి మింగేసింది. మరుసటి ఏడాది ఇంకా బాధేసింది. కొత్తగా చేరిన అమ్మాయి గత ఏడాది ఫైల్ తెరిచి, ఏడాది అంకె మార్చి, ఆ వాక్యాన్ని అలాగే ఉంచేసింది. ఆ ఏడాది మార్కెట్ బాగానే ఉంది, అయినా "సవాళ్లతో కూడిన" అన్న మాటని ఆరుగురు చదివి ఆరుగురూ ఓకే అన్నారు. అప్పటికే అది వాక్యంలా కాక ఫర్నిచర్‌లా అయిపోయింది, అక్కడ ఉండాలి కాబట్టి ఉంది అంతే.

ఇదంతా ఏదో ఒక ఆఫీసులో జరిగే విషయం అనుకోకండి. 1983లో పాల్ డిమాజియో, వాల్టర్ పావెల్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు సంస్థలన్నీ ఒకే మూసలో ఎందుకు పడిపోతాయని అడిగి మూడు రకాల ఒత్తిళ్లు చూపించారు. చట్టం, డబ్బు పెట్టేవాళ్లు, అధికారం ఉన్నవాళ్లు బలవంతం చేస్తే వచ్చేది ఒకటి. ఏం చెయ్యాలో తెలియనప్పుడు పక్కవాడు చేసింది చూసి చేసే గొర్రెదాటు ఇంకోటి. ఒకే రకం చదువులు చదివి ఒకే రకం సంఘాల్లో తిరిగే ప్రొఫెషనల్స్ వల్ల వచ్చేది మూడోది. నా ఒక్క వాక్యం మీద ఈ మూడూ ఒకే వారంలో పడ్డాయి, లీగల్ రూపంలో, కన్సల్టెంట్ రూపంలో, మా అందరి ట్రైనింగ్ రూపంలో. అదే 1983లో జేమ్స్ బెట్‌మన్, బార్టన్ వైట్జ్ కంపెనీల షేర్‌హోల్డర్ లేఖల్ని చదివి తేల్చింది కూడా చెప్పాలి: చెడు ఫలితాలు వచ్చినప్పుడు కంపెనీలు కారణాన్ని బయటికి, తమ చేతిలో లేనివాటి మీదికి ఎక్కువగా నెడుతున్నాయని. మనవాళ్లు ఆడలేక మద్దెల ఓడు అన్నది ఇదే. నలభై ఏళ్లు దాటినా ఆ మద్దెల ఇంకా ఓడుగానే ఉంది, పేర్లు మాత్రం మారాయి, ఒకసారి ఎకానమీ, ఒకసారి సప్లై చైన్, ఒకసారి జియోపాలిటిక్స్.

ఇప్పుడు మీ రూల్స్ దగ్గరికి వస్తా. అమెరికాలో షేర్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ 1980లో మేనేజ్‌మెంట్ డిస్కషన్‌ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది, మేనేజ్‌మెంట్ కళ్లతో కంపెనీని చూసే అవకాశం ఇన్వెస్టర్‌కి రావాలన్నది దాని వెనకున్న ఆలోచన, ఎంత మంచి ఆలోచనో. 1995లో అక్కడే ఒక చట్టం వచ్చింది, భవిష్యత్తు గురించి కంపెనీలు భయపడకుండా మాట్లాడాలని, అర్థవంతమైన హెచ్చరికతో పాటు చెప్పిన అంచనాలకి కోర్టు కేసుల నుంచి రక్షణ ఇచ్చారు. అర్థవంతమైన హెచ్చరిక అన్నారు, మాకు చేరేసరికి అది ఒక రెడీమేడ్ పేరా అయింది, "భావిస్తున్నాం, ఆశిస్తున్నాం, అంచనా వేస్తున్నాం వంటి పదాలు వాడినచోట" అంటూ మొదలయ్యే ఆ పేరాని నేను కనీసం ముప్పై రిపోర్టుల్లో అతికించి ఉంటా, ఒక్కసారి కూడా ఆ కంపెనీ గురించి ఆలోచించి రాయలేదు. 2005 నుంచి రిస్క్ ఫ్యాక్టర్స్ యాన్యువల్ ఫైలింగ్‌లోనే ఉండాలన్నారు. రిస్కులు చెప్పమంటే కంపెనీలు నిజంగా నిద్రపట్టనివ్వని రెండు మూడు రిస్కులు చెప్తాయని మీరు అనుకున్నారు. లాయర్ల లెక్క వేరు, చెప్పని రిస్కు వల్ల ముప్పు వస్తుంది గానీ చెప్పిన రిస్కు వల్ల ఏ ముప్పూ రాదు, కాబట్టి అన్నీ చెప్పు. అలా జాబితా పెరిగి పెరిగి 2020లో ఎస్ఈసీ మళ్లీ కలగజేసుకుని, రిస్కుల భాగం 15 పేజీలు దాటితే రెండు పేజీలకి మించని సారాంశం ముందు పెట్టాలి, ఏ కంపెనీకైనా వర్తించే మామూలు రిస్కుల్ని చివర్న వేరే హెడింగ్ కింద పెట్టాలి అని చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క పేరా తగ్గించాలన్నా "ఇది తీసేశాక అదే జరిగితే ఎవరు జవాబు చెప్తారు" అని ఎవరో ఒకరు అడుగుతారు, ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా ఉండదు, దాంతో పాతవి అలాగే ఉండిపోయి పైన ఇంకో రెండు పేజీలు చేరతాయి.

బ్రిటన్‌లో 2015 మోడర్న్ స్లేవరీ యాక్ట్ వచ్చింది. ఒక స్థాయి టర్నోవర్ దాటిన కంపెనీలు తమ సప్లై చైన్‌లో వెట్టిచాకిరీ లేకుండా ఏం చర్యలు తీసుకున్నాయో ఏటా ప్రకటన ఇవ్వాలి, ఏ చర్యా తీసుకోలేదని చెప్పినా చట్టం దృష్టిలో సరిపోతుంది. చట్టం వెనకున్న ఆశ ఏంటంటే పరువు కోసమైనా నిజంగా పని చేస్తారని. మొదటి ఏడాది నేను ఈ ప్రకటన ఒకటి రాసినప్పుడు కొనుగోళ్ల డిపార్ట్‌మెంట్‌లో మూడు రోజులు కూర్చున్నా, కాంట్రాక్టర్ కింద కాంట్రాక్టర్, వాళ్ల కింద ఇంకో కాంట్రాక్టర్, మూడో మెట్టు దాటాక ఎవరు పనిచేస్తున్నారో కంపెనీకే తెలియదని అక్కడే తెలిసింది. ఆ "తెలియదు" అన్నమాట ప్రకటనలో వేశాం కూడా. నాలుగో ఏడాదికి ఆ ప్రకటన రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. "తెలియదు" పోయి "నిరంతరం మెరుగుపరుచుకుంటున్నాం" వచ్చింది, మూడో మెట్టు కింద పరిస్థితి మారిందా అంటే నేనైతే మారినట్టు చూడలేదు.

ఇక్కడ మీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒత్తిడి లేకపోతే కంపెనీలు అసలు నోరే విప్పవు. 1989 మార్చిలో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికాక ఏమైందో డెన్నిస్ ప్యాటెన్ 1992లో రాశారు. ఎక్సాన్‌ని పక్కన పెట్టి మిగతా చమురు కంపెనీల యాన్యువల్ రిపోర్టులు చూస్తే, ఒలికించింది వాళ్లు కాకపోయినా, వాటిలో కూడా పర్యావరణం గురించిన రాతలు బాగా పెరిగాయి. నిప్పు పక్కింట్లో అంటుకుంటే మన ఇంటి ముందు నీళ్లు చల్లుకున్నట్టు. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు, భయంతో రాశారు కాబట్టి దాని విలువ తక్కువ అనొచ్చు, లేదా భయం లేకపోతే ఆ సమాచారం ఎప్పటికీ బయటికొచ్చేది కాదు అనొచ్చు. నేను రెండోవైపే ఉంటా. ఆ ప్రమాదం తర్వాతి కదలికల్లోంచే 1997లో సస్టైనబిలిటీ రిపోర్టింగ్ ప్రమాణాలు రాసే జీఆర్ఐ పుట్టింది, తర్వాత 2015లో వాతావరణ రిస్కులు ఎలా వెల్లడించాలో సూచించిన టీసీఎఫ్‌డీ, 2021లో ప్రపంచస్థాయి సస్టైనబిలిటీ ప్రమాణాలు రాసే ఐఎస్ఎస్‌బీ వచ్చాయి, ఇవన్నీ లేకపోతే ఒక ఫ్యాక్టరీ ఎంత పొగ వదులుతుందో అడిగే హక్కు కూడా మనకి ఉండేది కాదు. కాబట్టి రూల్స్ తీసేయమని నేను రాయడం లేదు. రూల్స్ వచ్చాక కాలం గడిచేకొద్దీ వాటి కింద రాసే మాటలకి ఏమవుతుందో ఎవరూ చూడటం లేదు, నా గోడు అది.

చూడకపోవడం అంటే ఏంటో నా చేత్తో చేసిన పనితోనే చెప్తా. ఒక కంపెనీ ఒక ఏడాది రిపోర్టులో ఫలానా సంవత్సరానికల్లా నీటి వాడకం సగానికి తగ్గిస్తామని ప్రకటించింది. మొదటి ఏడాది దానికి ఫుల్ పేజీ, నీటి బొట్టు ఫొటో, సీఈఓ మాట. రెండో ఏడాది అర పేజీ. మూడో ఏడాదికి పని ముందుకి సాగడం లేదని తెలిసిపోయింది, అది ఒక టేబుల్‌లో లైనుగా మారింది. నాలుగో ఏడాది లెక్కించే పద్ధతి మార్చారు, "సగానికి" పోయి "ఉత్పత్తి యూనిట్‌కి తగ్గింపు" వచ్చింది, కింద ఫుట్‌నోట్. ఐదో ఏడాది ఆ ఫుట్‌నోట్‌ని తీసేసింది నేనే. తీసేముందు మేనేజర్‌ని అడిగా, దీని గురించి ఎక్కడైనా ఒక మాట రాయాలేమో అని. ఎవరు అడుగుతారు అన్నాడు. చెక్‌లిస్ట్ మొత్తం వెతికా, ఏ రూల్ కూడా అడగట్లేదు. సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టా, పేజీ కింద ఖాళీ వస్తే డిజైనర్ ఆ ఖాళీలో ఒక ఫొటో సర్దాడు. ఆ ఏడాది ఆ రిపోర్టుకి ట్రాన్స్‌పరెన్సీ కింద ఒక అవార్డు కూడా వచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఫుట్‌నోట్ నన్ను వదల్లేదు.

పెద్ద స్థాయిలో కూడా ఇదే జరుగుతోంది. ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన) అనే మాట కొన్నేళ్లు ప్రతి రిపోర్టులో, ప్రతి లేఖలో వెలిగిపోయింది, ఫండ్లు అడుగుతున్నాయి కాబట్టి. తర్వాత అదే మాట రాజకీయ గొడవైంది, పెద్ద పెట్టుబడుల సంస్థ బ్లాక్‌రాక్ అధిపతి లారీ ఫింక్ 2023లో ఇక ఆ మాట వాడనన్నారు, కంపెనీల రాతల్లోనూ అది పలచబడుతూ వచ్చింది. అమెరికాలో 2020 తర్వాత డైవర్సిటీ గురించి పేరాలకి పేరాలు చేర్చిన పెద్ద కంపెనీల్లో చాలా వాటి 2025 ఫైలింగుల్లో ఆ పేరాలు కుదించుకుపోయాయి, కొన్నింట్లో పూర్తిగా పోయాయి. ఆ విధానాలు మంచివా కాదా అన్నది వేరే చర్చ, ఇక్కడ నాకు దాంతో పని లేదు. ఒక కంపెనీ నిన్న ఇది మా ప్రాణం అన్నది, ఇవాళ ఆ మాట లేదు, మధ్యలో ఏం మారిందో ఒక్క లైను కూడా లేదు, ఇదీ నన్ను పీకే విషయం. నమ్మి రాసి ఉంటే తీసేసేటప్పుడు కారణం ఉండాలి. నమ్మకుండా రాసి ఉంటే అది చదివి డబ్బు పెట్టినవాళ్లకి, ఉద్యోగంలో చేరినవాళ్లకి ఆ సంగతి తెలియాలి.

చదివేవాళ్లకి ఈ మార్పులు కనిపిస్తాయి కదా అంటారేమో. కనిపించవు. లారెన్ కోహెన్, క్రిస్టోఫర్ మలోయ్, క్వోక్ న్యుయెన్ 2020లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో అచ్చేసిన పరిశోధన ఇదే చెప్పింది. అమెరికన్ కంపెనీల రిపోర్టుల్ని ఒక ఏడాదికీ మరో ఏడాదికీ పోల్చి చూస్తే, ఎక్కువ కంపెనీలు పాత మాటలనే మళ్లీ వాడతాయి, కానీ మాటలు బాగా మార్చిన కంపెనీల షేర్లు తర్వాతి నెలల్లో వెనకబడ్డాయి, అయినా రిపోర్టు బయటికొచ్చిన రోజున మార్కెట్‌లో చెప్పుకోదగ్గ కదలికే లేదు. అంటే సమాచారం మార్పులోనే ఉంది, ఆ మార్పునే ఎవరూ చదవడం లేదు. వందల పేజీల్లో ఏ వాక్యం పోయిందో వెతకడానికి మామూలు ఇన్వెస్టర్‌కి తీరికెక్కడిది, పైగా లేనిదాన్ని కంటితో ఎలా పట్టుకుంటాడు?

అందుకే నేను అడిగేది ఒక్కటే. అంకెల భాగం తెరిచి చూడండి, ప్రతి అంకె పక్కన గత ఏడాది అంకె ఉంటుంది. అకౌంటింగ్ పాలసీ మారిస్తే ఎందుకు మార్చారో చెప్పాలి, పాత తప్పు బయటపడితే పాత అంకెలు తిరగరాయాలి, ఐఏఎస్ 8 అనే అకౌంటింగ్ ప్రమాణం ఉన్నది అందుకే. మాటల భాగానికి అలాంటి గత ఏడాది కాలమ్ లేదు. అసలు ఆలోచనే లేదని అనను, వివరణాత్మక సమాచారానికి కూడా గత ఏడాది పోలిక ఇవ్వాలని 2023లో ఐఎస్ఎస్‌బీ తెచ్చిన సస్టైనబిలిటీ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ ఎస్1లో ఉంది, కాకపోతే అర్థం చేసుకోడానికి ఉపయోగపడితే అన్న షరతుతో. ఉపయోగపడుతుందో లేదో తేల్చేది ఎవరు? మా ఆరుగురమే. వాక్యం మాయం చేసినవాళ్లనే అది మాయమైన సంగతి చెప్పడం ఉపయోగమా అని అడిగితే ఏం జవాబొస్తుందో మీకు తెలుసు. లక్ష్యాల విషయంలో ఎస్1, దాని జంట అయిన వాతావరణ ప్రమాణం ఎస్2 ఇంకొంచెం ముందుకెళ్లాయి, సస్టైనబిలిటీ లక్ష్యాన్ని గానీ వాతావరణ లక్ష్యాన్ని గానీ సవరిస్తే సవరణనీ దానికి కారణాన్నీ చెప్పాలన్నాయి. ఆ ఒక్క క్లాజు చాలా విలువైనది, దాన్ని ఆ ప్రమాణాలు పాటించే కంపెనీల దగ్గరా, లక్ష్యాల దగ్గరా ఆపకండి. ఆ ప్రమాణాలు అడగనిచోట ఉన్న నా నీటి ఫుట్‌నోట్‌కి కూడా అది వర్తించాలి, ఛైర్మన్ గత ఏడాది చెప్పిన ప్లాంటు అంచనాకీ, రిస్కుల చాప్టర్లోంచి జారిపోయిన రిస్కుకీ వర్తించాలి. రిపోర్టులో రెండు మూడు పేజీలు చాలు: పోయిన రిపోర్టులో ఏం మాటిచ్చాం, అది ఏమైంది, ఏది తీసేశాం, ఏ కొలత మార్చాం, ఎందుకు. ఉపయోగపడితే అనొద్దు, తప్పనిసరి అనండి.

ఇది కూడా టెంప్లేట్ అయిపోదా అని మీలో ఎవరైనా అడగొచ్చు, నేనూ దాని మీద చాలా ఆలోచించా. కొంత అవుతుంది. "వ్యూహాత్మక ప్రాధాన్యాల్లో మార్పు వల్ల" అని ఒక రెడీమేడ్ కారణం పుట్టుకొస్తుంది, దాన్ని రాసేవాళ్లలో నేనూ ఉంటానేమో. అయినా ఒక తేడా ఉంది. టెంప్లేట్‌కి అలవాటు పక్క కంపెనీని కాపీ కొట్టడం, ఈ పేజీలో పక్క కంపెనీ వాక్యం పనికిరాదు, ఎందుకంటే గత ఏడాది మనం ఏం రాశామో అది మనకి మాత్రమే ఉంటుంది. కారణం ఎంత బోలుగా ఉన్నా, పోయిన వాక్యం పేజీ మీద కనిపిస్తుంది. కనిపించాక విలేకరి అడుగుతాడు, పెన్షన్ ఫండ్ మేనేజర్ అడుగుతాడు, ఉద్యోగి అడుగుతాడు. లీగల్ వాళ్ల భయం గురించి కూడా: అంచనాలకి రక్షణ ఇచ్చినట్టే, తప్పిన అంచనాని నిజాయితీగా ఒప్పుకున్నందుకు కూడా కొంత రక్షణ ఇచ్చే దారి చూడండి. ఆ ఛైర్మన్ గారు ఒప్పుకోడానికి సిద్ధంగానే ఉన్నారు, ఆయన్ని ఆపింది ఆ రక్షణ లేకపోవడమే.

ఇంకోటి, పేజీలు తగ్గించే ఊపులో ఉన్నారు మీరు. యూరప్‌లో 2023లో పెట్టిన వెయ్యికి పైగా డేటా పాయింట్లని, అంటే సస్టైనబిలిటీ రిపోర్టులో నింపాల్సిన గళ్లని, కోసెయ్యాలని 2025లో ప్రతిపాదన వచ్చింది. భారం తగ్గించడం మాకూ సంతోషమే, రాత్రుళ్లు కూర్చుని ఆ గళ్లు నింపేది మేమే. కానీ రూల్ సడలించిన ఏడాదే వాక్యాలు ఎక్కువగా మాయమవుతాయి, అడిగేవాళ్లు లేరని అందరికీ తెలుస్తుంది కాబట్టి. గళ్లు కొయ్యండి, కోసేటప్పుడు ఆ గడిలో గతంలో రాసిన మాట ఏమైందో మాత్రం ఒక్క ఏడాదైనా చెప్పించండి.

ఈ ఏడాది సీజన్ మొదలైంది. నా స్క్రీన్ మీద గత ఏడాది ఫైల్ తెరిచే ఉంది, ఎడమవైపు ఇంకా ముట్టుకోని పాత పేరాలు, కుడివైపు ఖాళీ డ్రాఫ్ట్. నలభై రెండో పేజీలో ట్రైనింగ్ గురించి ఒక లక్ష్యం ఉంది, దాన్ని ఈసారి "సరళీకరించమని" నిన్న మెయిల్ వచ్చింది. ఎందుకు మార్చామో రాయాలి కదా అంటే, ఏ రూల్ కింద కారణం రాయాలో చూపించమని తిరిగి అడిగారు. చూపించడానికి నా దగ్గర ఇంకా ఏమీ లేదు. మీ తర్వాతి సవరణ డ్రాఫ్ట్ అభిప్రాయాలకి వదిలినప్పుడు ఈ ఉత్తరాన్నే కామెంటుగా పంపుతా, దయచేసి అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే చదవండి.

ఇట్లు,
మీ రూల్స్‌ని వాక్యాలుగా మార్చే ఒక రిపోర్టు రచయిత